బడిపంతులు కట్టిన జట్టు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఈ సంచికలో చాలామంది మన వీరుల గురించీ, మన పండుగల గురించీ రాస్తున్నారు. మేము ఒక హైదరాబాదు బడిపంతులు గురించి రాస్తున్నాం. ఆయన మన తెగవారు కారు, కోనసీమ వారూ కారు. అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలకు ఆయన కథ తెలియాలని మా కోరిక. బూట్లు లేని పిల్లలనూ, పెద్దగా ఎత్తులేని పిల్లలనూ, బస్సు చార్జీకి డబ్బుల్లేని పిల్లలనూ తీసుకుని ఆయన దేశంలోకెల్లా గట్టి ఫుట్‌బాల్ జట్టును తయారుచేశారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళంతా రహీం సాబ్ అనేవారు.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. తరువాత ఖమర్ క్లబ్బు తరఫున నగర లీగులో ఆడారు. బతుకుతెరువు మాత్రం పంతులు ఉద్యోగమే. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. బీఏ అయ్యాక వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. ఇప్పుడు మనం పీఈటీ సార్ అంటామే, దాదాపు ఆ పనే. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా, అంటే 20 ఏళ్ళు, ఆ పదవిలోనే ఉన్నారు.

ఆయన పంతులుతనం ఆ కార్యదర్శి పనిలో బాగా కనిపిస్తుంది. మామూలుగా సంఘాలు పెట్టే పోటీలతో పాటు ఆయన కొన్ని వింత పోటీలు పెట్టించారు. ఒక పోటీలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో అన్నమాట. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ పనికిరాదు. బంతి అందగానే తోటివాడికి పాస్ ఇవ్వాలి. మరో పోటీలో ఒక కొలతకు మించి ఎత్తున్నవాళ్ళకు ప్రవేశమే లేదు, పొట్టివాళ్ళే ఆడాలి.

మొదట వింటే నవ్వొస్తుంది. మేము దీన్ని మా హాస్టల్ పిల్లల ఆటతో పోల్చి చూసుకున్నాం. వానలు తగ్గి గ్రౌండు ఆరగానే ఫుట్‌బాల్ మొదలవుతుంది. ఒంట్లో చురుకున్న ఒకరిద్దరు బంతిని వదలరు. మిగతావాళ్ళు చేతులు ఊపుతూ అటూ ఇటూ పరుగెడతారు, బంతి మాత్రం రాదు. వారం తిరిగేసరికి వాళ్ళు గ్రౌండుకు రావడం మానేస్తారు. డ్రిబ్లింగ్ లేని పోటీ పెడితే ఆ వెనకపడ్డ పిల్లవాడి కాలికి కూడా బంతి తగులుతుంది. బంతి వచ్చేలోపే ఎవరికి ఇవ్వాలో చూసి పెట్టుకోవడం అందరికీ అలవాటవుతుంది. తరగతిలో ఎప్పుడూ చెయ్యెత్తే పిల్లవాణ్ణే కాకుండా వెనక బెంచీ పిల్లవాణ్ణి కూడా లేపి అడిగే పంతులు చేసే పనే ఇది.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. క్లబ్బు అనగానే ఇప్పటి ఐఎస్ఎల్ లాగా లక్షల కాంట్రాక్టులు ఊహించుకోవద్దు. ఆ జట్టు ఆటగాళ్ళు పోలీసు శాఖలో ఉద్యోగులు. పేదింటి కుర్రవాడికి ఆ జట్టులో చోటు దొరికితే ఆటతో పాటు నెల జీతమూ దొరికినట్టే. క్రీడా కోటాలో ఉద్యోగం వస్తుందా అని మమ్మల్ని అడిగే పిల్లలు, ఈ దారి 70 ఏళ్ళ కిందటే ఉందని గుర్తించాలి.

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ పెద్ద పేర్లు. అలాంటి సమయంలో 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో హైదరాబాద్ పోలీసు జట్టు మోహన్ బగాన్‌నే ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 ఏళ్ళు గెలిచింది. 1954లో డ్యూరాండ్ మళ్ళీ వీళ్ళదే. 1957లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ తెచ్చుకున్నారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలో వెంటవెంటనే గెలిచింది. తరువాత ఆ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడి 1961లో డ్యూరాండ్ గెలుచుకుంది.

ఈ విజయాల వెనక ఉన్నది నడిమి వరుస. ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నాం, అప్పట్లో హాఫ్‌బ్యాక్ అనేవారు. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది, గోల్ ఆపినవాడి పేరూ పడుతుంది. వెనక నుంచి బంతి అందుకుని ముందుకు చేర్చేవాడి పేరు చాలాసార్లు పడదు. పోలీసు జట్టు నుంచి నూర్ మహమ్మద్ అనే హాఫ్‌బ్యాక్ 1952, 1956 రెండు ఒలింపిక్స్‌కూ వెళ్ళారు. బంతిని పొడుగ్గా గాల్లోకి తన్ని పరుగెత్తడం కాకుండా, పొట్టి పొట్టి పాస్‌లతో నేలమీదుగా ఆడించడం రహీం గారి పద్ధతి. అలాంటి ఆటకు ఇరుసు నడిమివాడే.

హాఫ్‌బ్యాక్ మాట వచ్చింది కనుక, మన గిరిజన యువత తప్పక తెలుసుకోవలసిన ఇంకో పేరు ఇక్కడే చెబుతాం. స్వాతంత్ర్యం వచ్చాక 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మొదటి భారత ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల్లోని చాంకీ గ్రామంలో పుట్టిన ఆవో తెగ బిడ్డ. మోహన్ బగాన్‌లో హాఫ్‌బ్యాక్‌గా ఆడుతూనే కలకత్తాలో వైద్యం చదివారు. తరువాత సొంత ప్రాంతానికి తిరిగి వెళ్ళి డాక్టరుగా పనిచేశారు. ఆయన జట్టులో ఎక్కువమంది ఉత్తకాళ్ళతోనే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతోనే ఓడారు.

ఉత్తకాళ్ళ ఆట 1952లో హెల్సింకీలో పెద్ద దెబ్బ తిన్నది. అప్పటికే రహీం గారు భారత జట్టుకు కూడా కోచ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన ఆనందం ఇంకా తగ్గలేదు. హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ తరువాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు వేసుకుంటే సరిపోదు, ఆటగాళ్ళు నిలబడే చోట్లు కూడా మార్చాలని రహీం గారు పట్టుబట్టారు. నలుగురు వెనక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలబడే 4-2-4 పద్ధతిని మనవాళ్ళకు నేర్పారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆ పద్ధతితో గెలిచి లోకమంతా మెచ్చుకోవడం ఆ తరువాతి మాట.

1956 మెల్బోర్న్‌లో తేడా కనిపించింది. మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో మనకు వాకోవర్ దొరికింది. తరువాత ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టారు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ళ కిందటి 10-1 పక్కన పెట్టి చూస్తే ఆ నాలుగేళ్ళలో ఎంత పని జరిగిందో తెలుస్తుంది. మన దేశానికి నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉన్నారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట్లో పుట్టారు. ఆట బాగుంది, కానీ అంత దూరం నుంచి రోజూ ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేదు. రహీం గారు సైకిల్ అద్దెకు తన డబ్బులిచ్చి రప్పించుకున్నారు. హాస్టల్ నడిపే మాకు ఈ సంగతి కప్పులన్నిటికంటే పెద్దదిగా తోస్తుంది. ప్రతిభ ఉందని మెచ్చుకునేవాళ్ళు చాలామంది దొరుకుతారు. వాడు గ్రౌండు దాకా ఎలా వస్తాడని అడిగేవాళ్ళు తక్కువ. బలరాం తరువాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టారు. మంచి ఆటగాళ్ళు కలకత్తాకు తరలిపోవడం హైదరాబాదుకు కొత్త కాదు. రహీం గారు మళ్ళీ మరో కుర్రవాణ్ణి వెతుక్కునేవారు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్ళారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ను ఇంటికి పంపలేదు, వెనక నుంచి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. వెనక చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో సెమీఫైనల్ గడిచింది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్‌, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడం మీద మన ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పారని, స్టేడియమంతా మన జట్టు మీద కోపంగా ఉంది. ఆ హోరులోనే పీకే బెనర్జీ ఒక గోల్, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1తో గెలిచాం. బలరాంతో పాటు హైదరాబాదుకే చెందిన యూసుఫ్ ఖాన్ కూడా ఆ రోజు ఆడారు. ముందు వరుసైనా నడిమి వరుసైనా సర్దుకుని ఆడగల ఆటగాడు ఆయన.

ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారు పతకం ఆ తరువాత మన దేశానికి మళ్ళీ రాలేదు.

జకార్తా నుంచి వచ్చాక రహీం గారు మంచం పట్టారు. 1963 జూన్ 11న, 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన కొడుకు హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులు, తరువాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. 2024లో అజయ్ దేవగణ్ రహీం గారి పాత్రలో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. మీ హాస్టల్లో ప్రొజెక్టర్ ఉంటే ఒక ఆదివారం వేయించుకోండి. చూశాక గ్రౌండుకు వెళ్ళి, డ్రిబ్లింగ్ లేకుండా ఒక ఆట ఆడండి. ఆడపిల్లలను కూడా జట్టులో కలుపుకోండి.