టీకా కనిపెట్టిన పల్లెటూరి డాక్టరు

మన సంఘం ప్రత్యేక సంచికకు వైద్య ఆరోగ్య శాఖ తరఫున ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు కోరారు. పెద్ద ఆసుపత్రుల డాక్టర్ల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను 1968లో టీకాలు వేసే ఉద్యోగంతో సర్వీసులో చేరినవాడిని. అందుచేత ఆ టీకాకు మూలపురుషుడైన ఎడ్వర్డ్ జెన్నర్ గారిని ఎంచుకున్నాను. మన పిల్లల పాఠాల్లో ఆయన శాస్త్రవేత్తగానే కనిపిస్తారు. కాని జీవితంలో ఎక్కువ భాగం ఆయన ఒక చిన్న ఊళ్లో గుర్రం మీద ఇంటింటికీ తిరిగిన మామూలు డాక్టరే.

ఇంగ్లండు దేశానికి పడమటి వైపు, గ్లాస్టర్ జిల్లాలో, సెవర్న్ నదికి దగ్గరగా బర్క్‌లీ అనే ఊరుంది. ఒక పాత కోట, ఒక చర్చి, చుట్టూ పచ్చిక బీళ్లు, పాడి పశువులు. అక్కడ 1749 మే 17న జెన్నర్ గారు జన్మించారు. తండ్రి ఆ ఊరి చర్చిలో మతాచార్యులు. తొమ్మిదిమంది సంతానంలో ఈయన ఎనిమిదవ వారు. అయిదేళ్ల వయసులోనే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పెద్దన్నగారు స్టీఫెన్ చేరదీసి పెంచారు. జెన్నర్ గారు తర్వాత రోజుల్లో అన్నగారి పిల్లలను, మేనల్లుళ్లను తన చేతికింద పెట్టుకుని వైద్యం నేర్పించడం చూస్తే, అన్న చేసిన మేలు ఆయన మనసులో ఉండిపోయిందనిపిస్తుంది.

ఎనిమిదో ఏట ఆయనకు మశూచికపు అంటు వేశారు. అంటే రోగి పుండ్లలోని రసి తీసి ఆరోగ్యంగా ఉన్నవారి చర్మంలోకి ఎక్కించడం. మన దేశంలోనూ, ముఖ్యంగా బెంగాలులో, ఇలాంటి పద్ధతి ఉండేది. అలా వచ్చిన అమ్మవారు సాధారణంగా తేలికగా పోసి పోతుంది, మళ్లీ రాదు. అయితే కొందరికి అదే ప్రాణం మీదికి వచ్చేది, వారి నుంచి ఇతరులకూ సోకేది. పైగా ఆ రోజుల్లో అంటు వేసే ముందు పిల్లలకు విరేచనాలు చేయించి, రక్తం తీసి, కొన్ని వారాలపాటు కడుపు మాడ్చేవారు. ఆ కష్టం జెన్నర్ గారు పెద్దయ్యాక కూడా మరచిపోలేదంటారు.

పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు దగ్గరలోని సాడ్‌బరీలో లడ్లో అనే శస్త్రవైద్యుని దగ్గర శిష్యరికానికి చేరారు. 1770లో లండను వెళ్లి జాన్ హంటర్ గారింట్లోనే ఉండి రెండేళ్లు చదువుకున్నారు. హంటర్ గారు ఆ కాలపు శస్త్రవైద్యుల్లో అగ్రగణ్యులు. ఊహించుకుంటూ కూర్చోవద్దు, చేసి చూడమన్నది ఆయన బోధ. ఆ గురుశిష్యుల ఉత్తరప్రత్యుత్తరాలు గురువుగారు పోయేవరకు సాగాయి. హంటర్ గారికి గుండెనొప్పి వస్తుండేది. ఆ నొప్పితో పోయినవారి గుండె రక్తనాళాలు గట్టిపడి ఉండటం జెన్నర్ గారు కళ్లారా చూశారు. అది పైకి చెబితే గురువుగారు బెంగపడతారని ప్రకటించకుండా ఊరుకున్నారు. 1793లో హంటర్ గారు మరణించినప్పుడు కోసి చూస్తే శిష్యుడి అనుమానమే నిజమని తేలింది. నాకు టీకా కథ కన్నా ఈ సంగతే ఆయన స్వభావాన్ని ఎక్కువగా చెబుతుందనిపిస్తుంది.

కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రలో వెళ్లే అవకాశం వచ్చినా, లండనులో ప్రాక్టీసు పెట్టే వీలున్నా రెండూ కాదనుకుని సొంత ఊరికే తిరిగి వచ్చారు. నీలం కోటు, పసుపుపచ్చ బొత్తాలు, మెరిసే బూట్లు, వెండి ముళ్లు. గుర్రం మీద వస్తుంటే ఊరంతా తలతిప్పి చూసేవారట. ఫిడేలు, వేణువు వాయించేవారు, పద్యాలు రాసేవారు. మంచు తుపానులో కొండమీద ఊరికి రోగిని చూడబోయి గడ్డకట్టి చావు తప్పించుకున్న రోజూ ఉంది. మిగిలిన సమయంలో పక్షులను గమనించేవారు. కోకిల జాతి పక్షి వేరే పక్షి గూట్లో గుడ్డు పెడుతుందని అందరికీ తెలుసు. ఆ గూట్లోని మిగతా పిల్లలను బయటికి తోసేసేది పెద్ద పక్షి కాదని, అప్పుడే పుట్టిన కోకిల పిల్లేనని ఆయన కనిపెట్టారు. చాలామంది నమ్మలేదు. కాని ఆ పరిశీలనకే 1789లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో కెమెరాలు వచ్చాక అది అక్షరాలా నిజమని రుజువైంది.

1788 మార్చిలో కేథరిన్ కింగ్స్‌కోట్ గారితో వివాహమైంది. ఆమె ఉన్నత కుటుంబం నుంచి వచ్చిన వారు, దైవభక్తి గలవారు, పేద పిల్లలకు ఆదివారం బడి నడిపేవారు. అయితే ఆరోగ్యం మొదటి నుంచీ అంతంతమాత్రమే. చర్చి పక్కన ఛాంట్రీ అనే ఇంట్లో కాపురం. ఎడ్వర్డ్, కేథరిన్, రాబర్ట్ అని ముగ్గురు పిల్లలు.

ఇక అసలు సంగతి. ఆవుల పొదుగు మీద పొక్కులు వచ్చే జబ్బు ఒకటుంది. పాలు పితికే ఆడవాళ్ల చేతులకు అది అంటుకుని నాలుగు రోజులు బాధించి పోతుంది. అది వచ్చినవాళ్లకు మశూచికం రాదని ఆ ప్రాంతపు రైతులందరికీ తెలుసు. 1774లోనే డార్సెట్‌లో బెంజమిన్ జెస్టీ అనే రైతు తన భార్యకు, ఇద్దరు కొడుకులకు ఆవు పొక్కుల రసి ఎక్కించాడు. ఊరివాళ్లు అతన్ని ఈసడించుకున్నారు. కాబట్టి ఆలోచన ఒక్క జెన్నర్ గారిది కాదు. పరీక్షించి, మనిషి నుంచి మనిషికి ఎక్కించి చూసి, కాగితం మీద పెట్టి లోకానికి చెప్పిన ఘనత ఆయనది.

1796 మే 14న శారా నెల్మ్స్ అనే పాలమనిషి చేతి పొక్కు నుంచి రసి తీసి, తన తోటలో పనిచేసే కూలీ కొడుకు జేమ్స్ ఫిప్స్ చేతి మీద రెండు గాట్లు పెట్టి ఎక్కించారు. పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ఆవు పేరు బ్లాసమ్. కాస్త జ్వరం వచ్చి తగ్గింది. జులై 1న అదే పిల్లవాడికి నిజమైన మశూచికపు రసి ఎక్కించారు. ఏమీ కాలేదు. ఇవాళ ఏ డాక్టరైనా ఇలా చేస్తే కోర్టు మెట్లెక్కాలి. పేదవాడి కొడుకు గనుక ధైర్యం చేశారా అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఒక సంగతి కూడా చెప్పాలి. అంతకు ఏడేళ్ల ముందే, 1789లో, ఏడాది నిండని తన పెద్దకొడుకుకు పంది పొక్కుల రసి ఎక్కించి, తర్వాత మశూచికపు రసితో పరీక్షించారు. 1798లో చిన్నకొడుకు రాబర్టుకు పదకొండో నెలలో ఆవు రసి పెట్టారు. అది అంటుకోలేదు. ఊరివాళ్ల పిల్లలనూ తన పిల్లలనూ ఆయన ఒకే కంటితో చూశారని మాత్రం ఒప్పుకోక తప్పదు.

రాయల్ సొసైటీ వారు ఆ వ్యాసాన్ని తిప్పి పంపారు. మరికొన్ని కేసులు చేర్చి 1798లో తన ఖర్చుతో పుస్తకం వేయించారు. లండనులో మూడు నెలలు కూర్చుంటే టీకా వేయించుకోవడానికి ఒక్కరూ రాలేదు. టీకా వేయించుకుంటే కొమ్ములు మొలుస్తాయన్నట్టు బొమ్మలు గీసి నవ్వుకున్నారు. ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మేము ఊళ్లోకి సైకిలు మీద వస్తుంటే పిల్లలు గడ్డివాముల వెనక దాక్కునేవారు. ముసలమ్మలు అమ్మవారికి కోపం వస్తుందని పసుపునీళ్లు చల్లి దండం పెట్టేవారు. మా పెద్దమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. ఎవరైనా మొండికేస్తే ఆమె సంగతి చెప్పేవాడిని. రెండు ముళ్ల సూదితో పదిహేను పోట్లు, అంతే పని. వెయ్యి రూపాయల బహుమతి ప్రకటన గోడల మీద రాసింది కూడా మనవాళ్లే. 1975 తర్వాత మన దేశంలో ఒక్క కేసూ రాలేదు. 1980 మే నెలలో ప్రపంచం మొత్తం మీద మశూచికం పోయిందని ప్రకటించారు. ఈ సంచిక చదివే పెద్దలు తమ భుజం చూసుకుంటే మా శాఖ సంతకం కనిపిస్తుంది.

టీకా మన దేశానికి వచ్చిన తీరు కూడా విచిత్రమైనదే. ఐస్ పెట్టెలు లేని కాలం. బాగ్దాదు, బస్రాల మీదుగా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎక్కించుకుంటూ తెచ్చారు. 1802 జూన్ 14న బొంబాయిలో అనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేశారు. ఈ దేశంలో తొలి టీకా అదే. ఆ పాప నుంచే మిగతా ప్రాంతాలకు, మన మద్రాసుకు కూడా పాకింది. 1805 ప్రాంతంలో వేసిన మైసూరు రాణుల వర్ణచిత్రం ఒకటుంది. అందులో ఒక రాణి చీర తొలగించి టీకా వేసిన చోటును చూపుతున్నదని చరిత్రకారులు అంటున్నారు. ఆ రోజుల్లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల నుంచి చందాలు పోగుచేసి జెన్నర్ గారికి ఏడు వేల పౌండ్లకు పైగా పంపించారు.

ఆ డబ్బు అవసరం కూడా ఉండింది. టీకా రహస్యం దాచుకుని కోటీశ్వరుడు కావచ్చని స్నేహితులు అన్నా ఆయన వినలేదు. అడిగినవారికల్లా రసి పోస్టులో పంపేవారు. జవాబులు రాయడానికే రోజులు గడిచేవి, ప్రాక్టీసు దెబ్బతింది. లండనులో ఇల్లు తీసుకుని వైద్యం చేయబోయి నష్టపోయి తిరిగి వచ్చారు. 1802లో పార్లమెంటు పదివేల పౌండ్లు ఇచ్చింది. ఇరవై వేలు ఇవ్వాలన్న ప్రతిపాదన మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ ఇరవై వేలు 1807లో గాని మంజూరు కాలేదు. ప్రభుత్వం దగ్గర బకాయిల కోసం ఎదురుచూడటం మనకు కొత్త కాదు గనుక ఆ అయిదేళ్ల సంగతి పాఠకులకు వివరించనక్కర లేదు. ఇంతలో ఇంటి తోటలో చెట్టు మొద్దులతో కట్టిన చిన్న పాకలో పేదలకు ఉచితంగా టీకాలు వేస్తూనే ఉన్నారు.

ఆయనతో యుద్ధంలో ఉన్న దేశపు చక్రవర్తి నెపోలియన్ కూడా ఆయన కోరిక మన్నించి ఆంగ్లేయ ఖైదీలను కొందరిని వదిలిపెట్టాడు. ఇంత పలుకుబడి ఉన్న మనిషి తన ఇంట్లో ఏమీ చేయలేకపోయారు. పెద్దకొడుకు ఎడ్వర్డ్ క్షయతో 1810లో, ఇరవై ఒకటో ఏట పోయాడు. అక్కచెల్లెళ్లలో ఇద్దరు ఆ తర్వాత రెండేళ్లలో పోయారు. భార్య చాలా ఏళ్లు అదే జబ్బుతో తీసుకుని 1815లో కన్నుమూశారు. క్షయకు అప్పుడు మందు లేదు. మంచి గాలి కోసం చెల్ట్నామ్‌లో కాపురముండటం తప్ప ఆయన చేయగలిగింది లేదు. భార్య పోయాక లోకంతో పని తగ్గించుకుని బర్క్‌లీ చేరి ఊరి పనులు, పక్షులు, తోట చూసుకున్నారు. జేమ్స్ ఫిప్స్‌కు పెళ్లయ్యాక ఒక చిన్న ఇల్లు అద్దె లేకుండా ఇచ్చి, దాని ముంగిట గులాబీ మొక్కలు తానే దగ్గరుండి నాటించారు. కూతురు కేథరిన్ పెళ్లి 1822లో జరిగింది. దాంతో ఇల్లు మరీ బోసిపోయింది.

1823 జనవరి నెలాఖరు, గట్టి చలి. పక్క ఊరికి నడిచి వెళ్లి పేద కుటుంబాలకు వంటచెరకు ఏర్పాటు చేసి వచ్చారు. మర్నాడు ఉదయం తన పుస్తకాల గదిలో పక్షవాతంతో పడి ఉండగా చూశారు. 26న తెల్లవారుజామున ప్రాణం పోయింది. వెస్ట్‌మినిస్టర్‌లో గొప్పవారి మధ్య కాక బర్క్‌లీ చర్చిలోనే తల్లిదండ్రులు, భార్య, పెద్దకొడుకుల పక్కన ఉంచారు. లండను నుంచి వచ్చిన ప్రముఖులు తక్కువే. ఊరివాళ్లు వచ్చారు. వారిలో ముప్పై ఐదేళ్ల జేమ్స్ ఫిప్స్ కూడా ఉన్నాడు.