జాషువా మార్ష్‌మన్ గారు – యెహోవా నామమును గూర్చిన వాదము



మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికలో ఈ ప్రాంతమునకు సువార్త తెచ్చిన దైవజనుల చరిత్రలను మీరు చదువుచున్నారు. మేము మాత్రము ఈ ప్రాంతమును ఎన్నడును చూడని ఒక దైవజనుని చరిత్ర వ్రాయబూనుకొంటిమి. ఆయన సేరంపూరు మిషనెరీ డాక్టర్ జాషువా మార్ష్‌మన్ గారు. ఇందుకు రెండు కారణములు కలవు.

ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో ఆరంభమై, తరువాత మన హైదరాబాదు నగరమునకు తరలివచ్చెను. అందు చదివిన పాదిరిగార్ల బి.డి. పట్టా మీద సేరంపూరు పేరు ఉండును. ఆ సేరంపూరు కళాశాలను స్థాపించిన ముగ్గురిలో మార్ష్‌మన్ గారు ఒకరు. ఇది మొదటి కారణము.

రెండవది మనము నివసించు చోటు. మన సీతాఫల్‌మండికి ఒకవైపు సికింద్రాబాదు, మరియొకవైపు తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నవి. మన బిడ్డలు హిందూ, ముస్లిము విద్యార్థులతో కలిసి ఒకే బెంచీమీద కూర్చుండి చదువుకొనుచున్నారు. అచ్చట వారిని తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. పాత నిబంధనలో యెహోవా ఒక్కడే దేవుడని యుండగా, ఆయన బిరుదులను మీరు యేసునకు ఎట్లు ఇచ్చుచున్నారు? దీనికి మన యౌవనస్థులలో కొందరు తలవంచుకొందురు, కొందరు కోపగించుకొందురు. ఇది క్రొత్త ప్రశ్న కాదు. రెండు వందల సంవత్సరముల క్రిందట మన దేశములోనే ఒక మహాపండితుడు దీనిని అచ్చులో అడిగెను. మార్ష్‌మన్ గారు దానికి అచ్చులోనే జవాబు చెప్పిరి.

మార్ష్‌మన్ గారు 1768 ఏప్రిల్ 20వ తేదీన ఇంగ్లండులోని వెస్ట్‌బరీ లీ అను గ్రామమున జన్మించిరి. తండ్రి మగ్గము నేయువాడు. జాషువా గారు బాల్యమున కొంతకాలము లండనులో ఒక పుస్తకముల అంగడిలో పనిచేసి, తిరిగి మగ్గము వద్దకే వచ్చిరి. చేతికి దొరికిన ప్రతి పుస్తకమును చదువుట వారి అలవాటు. 1791లో హన్నా షెపర్డ్ అను భక్తురాలిని వివాహమాడిరి. 1794లో బ్రిస్టలు పట్టణములో ఒక ధర్మపాఠశాలకు ఉపాధ్యాయులై, అచ్చటి వేదపాఠశాలలో లాటిను, గ్రీకు, హెబ్రీ, సిరియా భాషలను నేర్చుకొనిరి. నేతవాని కుమారుడు నేర్చుకొన్న ఈ హెబ్రీ భాష తరువాత ఎంత పెద్ద పనికి వచ్చునో అప్పుడు ఎవరికి తెలియును?

విలియం కేరీ గారి పిలుపు విని, మార్ష్‌మన్ దంపతులు విలియం వార్డు గారితోను మరి కొందరితోను ఓడనెక్కి 1799 అక్టోబరు 13న సేరంపూరులో దిగిరి. ఈస్టిండియా కంపెనీ తన రాజ్యములో మిషనెరీలను ఉండనీయలేదు. సేరంపూరు డెన్మార్కు దేశస్థుల ఏలుబడిలో ఉండెను గనుక వారికి అచ్చట ఆశ్రయము దొరికెను. తోడువచ్చిన గ్రాంటు గారు మూడు వారములు నిండకమునుపే మరణించిరి. 1800 జనవరిలో కేరీ గారు వచ్చి కలిసిరి. కేరీ గారు భాషాంతరము, వార్డు గారు అచ్చుపని, మార్ష్‌మన్ గారు పాఠశాలలు – ఇట్లు పని పంచుకొనిరి. మార్ష్‌మన్ దంపతులు నడిపిన బోర్డింగు పాఠశాలల రాబడి మిషను ఖర్చులకు పెద్ద ఆధారమాయెను. దీనికి తోడు ఆయన చైనా భాష నేర్చుకొని, అనేక సంవత్సరములు శ్రమించి, 1822 నాటికి సంపూర్ణ చైనా బైబిలును ముద్రింపజేసిరి.

1812 మార్చి 11వ తేదీ రాత్రి ముద్రణాలయము కాలిపోయెను. కాగితము, అనేక భాషల అచ్చు అక్షరములు, ఎన్నో వ్రాతప్రతులు బూడిదయ్యెను. కేరీ గారి తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు వాటిలో ఉండెను. కలకత్తాలోనున్న కేరీ గారికి ఈ దుఃఖవార్తను చెప్పుటకు వెళ్లినవారు మార్ష్‌మన్ గారే. వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను సేరంపూరు నుండి వెలువడెను. ఆ 1818లోనే కళాశాలయు స్థాపింపబడెను. మన ఉస్మానియా విశ్వవిద్యాలయము సరిగా నూరేండ్ల తరువాత, 1918లో ఏర్పడెను.

ఇక అసలు సంగతికి వచ్చెదము. రాజా రామమోహన రాయ్ గారి పేరు మనమందరము బడిలో చదివినదే. ఆయన బెంగాలీ బ్రాహ్మణుడు. సంస్కృతము, అరబీ, పారశీక భాషలయందు దిట్ట. విగ్రహారాధనను, సతీసహగమనమును ఎదిరించెను. 1820లో ఆయన యేసు బోధలను సువార్తలనుండి ఏరి ఒక పుస్తకముగా ప్రచురించెను. అందు నీతివాక్యములు, ఉపమానములు ఉన్నవి గాని, అద్భుతములును, యేసు దైవత్వమును బోధించు భాగములును చాలవరకు లేవు. నెమ్మది కలిగించుటకు నీతిబోధ చాలును, సిద్ధాంతములు తగవులనే పెంచునని ఆయన తలంచెను.

సేరంపూరు పత్రిక దీనిని తీవ్రముగా ఖండించెను. ఖండించుటయే గాక ఆయనను అన్యుడని వ్రాసెను. ఒకే దేవుని నమ్మిన ఆ పెద్దమనిషికి ఆ మాట ములుకువలె తగిలెను. ఆ పత్రికలో వ్రాసిన మార్ష్‌మన్ గారు ఈ విషయమున ప్రేమ తప్పిరని మేము చెప్పక తప్పదు. సత్యమును చెప్పునప్పుడు నోరు పారవేసుకొనిన, విననున్నవాడును చెవులు మూసికొనును.

రాయ్ గారు మాత్రము చెవులు మూసికొనలేదు. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని మూలగ్రంథముతోనే వాదమునకు దిగెను. 1820లో ఒకటి, 1821లో ఒకటి, 1823లో ఒకటి, మూడు విజ్ఞాపనములు ప్రచురించెను. ఈలోగా ఆయనతో కలిసి సువార్తలను బెంగాలీ భాషలో సవరించుచున్న బాప్తిస్టు మిషనెరీ విలియం ఆడమ్ గారు 1821లో త్రిత్వ విశ్వాసమును విడిచి ఆయన పక్షము చేరెను. యోహాను 1:3లో సృష్టి వాక్యము చేత కలిగెనా, వాక్యము ద్వారా కలిగెనా అను చిన్న మాట వద్ద వారి తగవు మొదలాయెను. మన తెలుగు బైబిలులో అచ్చట మూలముగా అను మాట ఉన్నది. మూడవ విజ్ఞాపనమును అచ్చువేయుటకు కలకత్తాలోని బాప్తిస్టు ముద్రణాలయము ఒప్పుకొనకపోగా, రాయ్ గారు సొంత ముద్రణాలయమునే పెట్టుకొనెను.

ఆయన వాదము యొక్క సారమిది. దేవుడు అను బిరుదు లేఖనములలో మనుష్యులకును ఇయ్యబడినది. మోషే ఫరోకు దేవునిగా నియమింపబడెను (నిర్గమ. 7:1). 82వ కీర్తనలో న్యాయాధిపతులు దైవములని పిలువబడిరి. యేసు ప్రభువే యోహాను 10వ అధ్యాయములో ఆ కీర్తనను ఎత్తి చెప్పెను. యిర్మీయా 23:6లో రాబోవు రాజునకు యెహోవా నామము కలిసిన పేరు ఉన్నదన్న, అదే పేరు 33:16లో యెరూషలేము పట్టణమునకును ఉన్నది. పట్టణము దేవుడు కాదు గదా. కుమారునికి ఉన్న అధికారమంతయు తండ్రి ఇచ్చినదే. కాబట్టి బిరుదును చూపి దైవత్వమును స్థాపింపరాదని ఆయన అనెను.

ఈ వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. మన తెలుగునే చూడుడి. నిజాము ప్రభువులని చరిత్ర పుస్తకములలో చదివితిమి. మాల వేసికొన్న పొరుగువానిని స్వామీ అని పిలుతుము. సర్కారు ముద్ర చేతబట్టి వచ్చిన అమీను సర్కారు పేరుతోనే మాటలాడును గాని, అతడు సర్కారు కాడు. పేరును ఎరువియ్యవచ్చును. ఇంతవరకు రాయ్ గారు చెప్పినది నిజమే.

అయితే మార్ష్‌మన్ గారు బిరుదులతోనే ఆగలేదు. ఆయన వాదములో బలమైన భాగము క్రియలను గూర్చినది. 102వ కీర్తన యెహోవాకు చేసిన ప్రార్థన. ఆదిలో భూమికి పునాదివేసినవాడు, ఆకాశములు పాతగిలినను తాను మారనివాడు అని ఆ కీర్తన యెహోవాను గూర్చి పలుకును. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 1:10–12లో ఆ మాటలే కుమారుని గూర్చి చెప్పబడెను. ఇది ఎరువిచ్చిన పేరు కాదు. ఒక పట్టణమునకు యెహోవా పేరు పెట్టవచ్చును గాని, ఆ పట్టణము ఆకాశములను చేసినదని ఎవరును చెప్పరు. తన మహిమను మరి ఎవనికిని ఇయ్యనని సెలవిచ్చిన దేవుని ఎరిగిన యూదులే ఈ మాటలను యేసునకు చెప్పిరి. మార్ష్‌మన్ గారి జవాబులు 1822లో లండనులో గ్రంథరూపమున వెలువడెను.

ఇచ్చట తెలుగు బైబిలు చదువరులమగు మనము ఒక సంగతి గమనింపవలెను. హెబ్రీ భాషలో దేవుని నామము నాలుగు హల్లులతో వ్రాయబడును. యూదులు భయభక్తులచేత దానిని పలుకక, దానికి బదులు ప్రభువు అని అర్థమిచ్చు అదోనాయ్ అను మాటను చదువుదురు. పాత నిబంధన గ్రీకు భాషాంతరములో ఆ నామమునకు కురియొస్, అనగా ప్రభువు, అను మాట సాధారణముగా కనబడును. క్రొత్త నిబంధన వ్రాసినవారు యేసును పిలిచినది ఆ మాటతోనే. మన తెలుగు బైబిలులో పాత నిబంధనయందు యెహోవా అనియు, క్రొత్త నిబంధనయందు ప్రభువు అనియు వేరువేరు మాటలున్నవి. అందుచేత గ్రీకు చదువరికి కండ్లకు కట్టినట్లు కనబడు సంబంధము మనకు కనబడుట లేదు.

కావున రెండు నిబంధనలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుడి. యోవేలు 2:32లో యెహోవా నామమునుబట్టి ప్రార్థించువారి రక్షణను గూర్చి ఉన్నది. రోమా 10:13లో పౌలు ఆ మాటనే ప్రభువైన యేసునకు చెప్పెను. యెషయా 40:3లో మార్గము సిద్ధపరచబడునది యెహోవాకు. మార్కు 1:3లో ఆ మార్గమున వచ్చినవాడు యేసు. యెషయా 45:23లో ప్రతి మోకాలు వంగునది యెహోవా యెదుట. ఫిలిప్పీ 2:10లో యేసు నామమున. యెషయా 6వ అధ్యాయమును, యోహాను 12:41ని కూడ ఇట్లే పోల్చి చూడుడి. ఒక్క వచనముతో తేలునది కాదు గాని, ఇన్ని సాక్ష్యములు ఒకే దారిని చూపుచున్నవి.

వాదములో ఎవరును ఓటమి ఒప్పుకొనలేదు. రాయ్ గారు 1828లో బ్రహ్మసభను స్థాపించెను. అయినను సతీసహగమనమును మాన్పించుటకు సేరంపూరు మిషనెరీలును రాయ్ గారును ఎవరి మార్గమున వారు పాటుపడిరి. 1829 డిసెంబరులో ఆ దురాచారము నిషేధింపబడెను. 1830లో పాదిరి అలెగ్జాండర్ డఫ్ గారు కలకత్తాలో పాఠశాల తెరచినప్పుడు సహాయము చేసినది రాయ్ గారే. ఆయన 1833 సెప్టెంబరు 27న ఇంగ్లండులో మరణించెను. మార్ష్‌మన్ గారు హెబ్రీ నేర్చుకొన్న ఆ బ్రిస్టలు పట్టణపు చెంతనే ఆయన కన్నుమూసెను.

వార్డు గారు 1823లోను, కేరీ గారు 1834లోను గతించిరి. మిగిలిన మార్ష్‌మన్ గారు 1837 డిసెంబరులో సేరంపూరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆ వాదము మాత్రము వారితో ముగియలేదు. బ్రహ్మసమాజము ఆంధ్రదేశమునకును వచ్చెను. ఆ సమాజస్థుడైన రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు 1899 నుండి 1904 వరకు మన పొరుగున సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. యేసును గురువుగా గౌరవించి, దేవునిగా ఒప్పుకొనని సజ్జనులు నేటికిని మన చుట్టు ఉన్నారు. వారు మనకు శత్రువులు కారు.

ప్రియులారా, మన దేశస్థుడొకడు మన విశ్వాసమును ప్రశ్నించుటకై హెబ్రీ భాష నేర్చుకొనెను. ఆ విశ్వాసమును కలిగియున్న మనము తెలుగులో ఉన్న లేఖనములనైనను శ్రద్ధగా చదువవద్దా? ప్రశ్న అడిగిన బిడ్డను గద్దింపక, సండే స్కూలులోను యౌవనస్థుల కూటములలోను ఈ వచనములను వారితో కలిసి వెదకుదము. మార్ష్‌మన్ గారి పాండిత్యమును, రాయ్ గారి ఓర్పును దేవుడు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.