పోర్టర్‌గా ఒక్కరోజూ పనిచేయని పోర్టర్ల నాయకుడు: ఎ. ఫిలిప్ రాండాల్ఫ్

ఉత్తర అమెరికా రైల్వే చరిత్ర రాసేవాళ్లు కొన్ని తేదీలను ఎప్పుడూ వదలరు. 1869 మే 10 అందులో ముఖ్యమైనది. ఆ రోజు యూటాలోని ప్రోమోంటరీ దగ్గర తూర్పు నుంచి వచ్చిన పట్టాలు, పడమటి నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. బంగారు మేకు దిగింది. దొరలు చేతులు కలిపి ఫోటో దిగారు. పడమటి వైపు కొండలు తొలిచి దారి వేసిన వేలాది చైనా కూలీల జాడ ఆ ఫోటోలో దాదాపు లేదు.

మనం ఇక్కడ చెప్పుకోబోయేది మరో తేదీ. 1925 ఆగస్టు 25. ఆ రాత్రి న్యూయార్క్ నగరం హార్లెంలోని ఒక హాలులో సుమారు 500 మంది నల్లజాతి రైలు కార్మికులు గుమిగూడారు. వాళ్లలో ఎవరూ నోరు విప్పలేదు. కంపెనీ గూఢచారులు జనంలో ఉన్నారని అందరికీ తెలుసు. మాట్లాడిందంతా ఒక్కడే, 36 ఏళ్ల పత్రికా సంపాదకుడు. ఆయన పోర్టర్‌గా ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఏరికోరి ఆయన్ని పిలిచిందే అందుకు. ఉద్యోగమే లేనివాణ్ని కంపెనీ ఉద్యోగంలోంచి ఎలా తీసేస్తుంది? ఆయనే ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. ఆ రాత్రి పుట్టిన సంఘం బ్రదర్‌హుడ్ ఆఫ్ స్లీపింగ్ కార్ పోర్టర్స్.

పోర్టర్ అనగానే మనకు స్టేషన్లో పెట్టెలు మోసే కూలీ గుర్తొస్తాడు. వీళ్ల పని వేరు. జార్జ్ పుల్‌మన్ అనే వ్యాపారి 1867లో పెట్టిన కంపెనీ డబ్బున్నవాళ్ల కోసం పడక బోగీలు తయారుచేసి దేశమంతటా రైళ్లకు తగిలించి నడిపేది. ఆ బోగీల్లో పక్కలు వేయడం, దుప్పట్లు మార్చడం, సామాన్లు ఎక్కించి దించడం, ప్రయాణికులు నిద్రపోయాక వాళ్ల బూట్లు పాలిష్ చేయడం, తాగి కక్కుకుంటే కడగడం, ఇవన్నీ పోర్టర్ పనులే. అప్పుడే అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. పుల్‌మన్ ఈ పనికి నిన్నటిదాకా బానిసలుగా ఉన్న నల్లవాళ్లనే పెట్టుకున్నాడు. చౌకగా దొరుకుతారు, చాకిరీ వాళ్లకు కొత్త కాదు అని లెక్క. అదే బోగీలో కండక్టర్ మాత్రం తెల్లవాడే. పోర్టర్ ఎన్నేళ్లు చేసినా పోర్టరే.

పోర్టర్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ప్రతి ఒక్కడూ జార్జే. పుల్‌మన్ పేరు జార్జ్ కాబట్టి ఆయన నౌకర్లంతా జార్జ్‌లు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత ఆచారం రైలెక్కింది, అంతే. ఇక్కడ ఒక విడ్డూరం చెప్పాలి. ఈ పిలుపును మాన్పించాలని 1914లో ఒక సంఘం పుట్టింది. దాన్ని పెట్టింది పోర్టర్లు కాదు, జార్జ్ అనే పేరున్న తెల్లవాళ్లు. తమ పేరు నల్ల నౌకరుకు అంటించడం వాళ్లకు చిన్నతనమనిపించింది. వేలమంది అందులో చేరారు.

ఇంకో సంగతి కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. 1897లో పుల్‌మన్ చనిపోయాక ఆ కంపెనీకి అధ్యక్షుడై 1911 దాకా నడిపింది రాబర్ట్ లింకన్. బానిసలను విడిపించిన అబ్రహాం లింకన్ సొంత కొడుకు. తండ్రి విడిపించిన మనుషులకు కొడుకు కంపెనీ ఇచ్చింది టిప్పుల బతుకు. 1920ల్లో కూడా పోర్టర్ నెలకు 400 గంటలు, లేదా 11,000 మైళ్లు తిరగాలి. జీతం 67.50 డాలర్లు. బూటు పాలిష్ డబ్బా తన జేబులోంచే కొనుక్కోవాలి. రైలు కదలకముందు బోగీ సిద్ధం చేసే గంటలకు లెక్కే లేదు. మిగతాది ప్రయాణికుడి దయ. ఆ దయ కోసం, ఏ మాట అన్నా పడి, నవ్వుతూ నిలబడాలి.

రాండాల్ఫ్ 1889 ఏప్రిల్ 15న ఫ్లోరిడాలోని క్రెసెంట్ సిటీలో పుట్టారు. తండ్రి దర్జీ, పేద చర్చిలో పాస్టర్. తల్లి కూడా కుట్టుపని చేసేది. పిల్లవాడిగా ఉన్నప్పుడు ఒక రాత్రి జరిగింది ఆయన జీవితమంతా మరిచిపోలేదు. జైల్లో ఉన్న ఒక నల్ల మనిషిని లాక్కొచ్చి చంపడానికి తెల్లమూక బయలుదేరిందని కబురొచ్చింది. తండ్రి కోటు కింద పిస్తోలు పెట్టుకుని, తోటివాళ్లతో కలిసి జైలు దగ్గర కాపలాకు వెళ్లాడు. తల్లి ఒళ్లో తుపాకీ పెట్టుకుని తెల్లవార్లూ గుమ్మంలో కూర్చుంది. ఆ మనిషి బతికాడు. కూడి నిలబడితే మూక వెనక్కి తగ్గుతుందన్న పాఠం ఆ కుర్రవాడికి బైబిల్ కన్నా ముందు ఇంట్లోనే అందింది.

చదువులో అందరికన్నా ముందున్నా 1907లో బడి ముగిశాక దక్షిణాదిలో నల్ల యువకుడికి కూలిపని తప్ప మరేదీ దొరకలేదు. 1911లో న్యూయార్క్ చేరారు. పగలు దొరికిన పని, రాత్రి సిటీ కాలేజీలో తరగతులు. సోషలిస్టు అయ్యారు. రెండేళ్ల తర్వాత, 1913లో, హార్లెంను ఆనుకునే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయానికి మన బాబాసాహెబ్ అంబేద్కర్ చదువుకోవడానికి వచ్చారు.

1917లో మిత్రుడు చాండ్లర్ ఓవెన్‌తో కలిసి ది మెసెంజర్ అనే పత్రిక పెట్టారు. ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించిన పత్రిక అది. 1918లో క్లీవ్‌లాండ్‌లో ఇద్దరినీ అరెస్టు చేశారు. ఇంత పదునైన రాతలు ఈ నల్ల కుర్రవాళ్లు రాసి ఉండరు, ఎవరో తెల్ల సోషలిస్టులు రాసి వీళ్ల పేర్లు పెట్టి ఉంటారు అనుకుని జడ్జి వదిలేశాడు. అవమానమే వాళ్లను జైలు నుంచి కాపాడింది.

ఆ పత్రికకు డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్న ఉద్యమాల్లో ఉన్న మనమంతా అడగాల్సింది. భార్య లూసిల్ గ్రీన్ హార్లెంలో బ్యూటీ పార్లర్ నడిపేవారు. ఇంటి అద్దె, పత్రిక బాకీలు, ఆ తర్వాత యూనియన్ రోజుల్లో ఆయన ప్రయాణాలు, చాలావరకు ఆమె సంపాదన మీదే నడిచాయి. రాండాల్ఫ్ ఎవరికీ తలవంచలేదని అందరం రాస్తాం. తలవంచే అవసరం రాకుండా చూసిన మనిషి పేరు రాయడం మరిచిపోతాం.

యూనియన్ పుట్టాక ఎదురైన అసలు అడ్డంకి కంపెనీ లాఠీ కాదు, కంపెనీ దానం. ఆ రోజుల్లో దేశంలో నల్లవాళ్లకు అత్యధికంగా ఉద్యోగాలిచ్చే సంస్థ పుల్‌మనే. చికాగోలో నల్లవాళ్ల ఆసుపత్రికి దాని చందా, వైఎంసీఏకు దాని చందా. చర్చి పెద్దలు, కొన్ని నల్లజాతి పత్రికలు రాండాల్ఫ్ మీద విరుచుకుపడ్డాయి. అన్నం పెట్టిన చేతిని కరుస్తారా అన్నదే వాళ్ల వాదన. చికాగో పెద్దమనుషులు మొహం చాటేసినప్పుడు ఆయనకు తలుపు తీసింది ఐడా బి. వెల్స్. మూకహత్యల మీద ఒంటరిగా కలంపోరు చేసిన ఆ పెద్దావిడ తన ఇంట్లోనే సభ పెట్టించారు.

కంపెనీ తన వంతు చేయాల్సిందంతా చేసింది. యూనియన్‌లో చేరినవాళ్లను ఏరి తీసేసింది. తానే ఒక ఉత్తుత్తి సంఘం పెట్టి పోర్టర్లతో బలవంతంగా ఓట్లు వేయించింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన వలస కార్మికులను కొన్ని బోగీల్లో పెట్టి, మీరు కాకపోతే వీళ్లు అని చూపించింది. ఒక అణగారిన గుంపు కడుపు మీద మరో అణగారిన గుంపుతో కొట్టించడం ఏ యాజమాన్యానికైనా చేతి కింద విద్యే. తెల్ల కార్మికుల సంగతీ గొప్పగా లేదు. 1894లో పుల్‌మన్ మీద సమ్మె చేసి దేశమంతా రైళ్లు ఆపిన అమెరికన్ రైల్వే యూనియన్ తన సభ్యత్వం నుంచి నల్లవాళ్లను బయటే ఉంచింది. ఆ సమ్మెను ప్రభుత్వం సైన్యాన్ని దించి అణిచింది.

1928లో పోర్టర్లు దాదాపు ఏకగ్రీవంగా సమ్మెకు ఓటేశారు. ప్రభుత్వ మధ్యవర్తులు పట్టించుకోలేదు, కంపెనీ మనుషులను సిద్ధం చేసుకుంది. గడువుకు కొన్ని గంటల ముందు రాండాల్ఫ్ సమ్మె ఆపేశారు. నమ్మకం పోయింది. వేలల్లో ఉన్న సభ్యత్వం 1933 నాటికి వెయ్యి కిందికి పడిపోయింది. మెసెంజర్ మూతపడింది. ఆఫీసు కరెంటు, టెలిఫోను కట్టయ్యాయి. చొక్కా చిరుగులతో, తిరుగు ప్రయాణపు చార్జీకి చందాలు అడుక్కుంటూ ఆయన ఊరూరా తిరిగారు. ఆ రోజుల్లో కంపెనీ ఖాళీ చెక్కు పంపిందనీ ఆయన తిప్పికొట్టారనీ పోర్టర్లు తరతరాలుగా చెప్పుకున్నారు. సమ్మె ఆపడం తప్పని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఓడిపోతామని తెలిసిన సమ్మెలోకి పదివేల కుటుంబాలను తోయకపోవడం పిరికితనమని మేము అనుకోం. దానికి ఆయన చెల్లించిన మూల్యం మాత్రం ఐదేళ్ల ఎండమావి.

గాలి 1934లో తిరిగింది. రైల్వే కార్మిక చట్టాన్ని సవరించి పోర్టర్లనూ అందులో చేర్చారు, కంపెనీ పెంచే సంఘాలను నిషేధించారు. 1935 ఎన్నికల్లో బ్రదర్‌హుడ్‌కు 5,931 ఓట్లు, కంపెనీ సంఘానికి 1,422. ఆ తర్వాత రెండేళ్లు బేరాలు సాగాయి. 1937 ఆగస్టు 25న, సంఘం పుట్టి సరిగ్గా పన్నెండేళ్లు నిండిన రోజున, పుల్‌మన్ కంపెనీ సంతకం పెట్టింది. నెలకు 400 గంటల పని 240కి దిగింది. జీతాలు పెరిగాయి. ఒక పెద్ద అమెరికా కంపెనీ నల్లజాతి యూనియన్‌తో ఒప్పందం చేసుకోవడం అదే మొదటిసారి. అక్కడితో ఆగలేదు. సరిహద్దు దాటి కెనడా పోర్టర్లు కూడా బ్రదర్‌హుడ్‌లో చేరి, 1945లో కెనడియన్ పసిఫిక్ రైల్వేతో ఒప్పందం సాధించుకున్నారు.

ఆ సంతకం పడి ఆరు నెలలైనా కాకముందే, 1938 ఫిబ్రవరిలో, మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ మాట్లాడారు. కార్మికుడికి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పింది అక్కడే. మన రైల్వేల్లో దళితుడు గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీదే ఆగిపోవాలి, పోర్టర్ ఉద్యోగం కూడా ఇవ్వరు అని ఆయన ఎత్తిచూపారు. కారణం, స్టేషన్ మాస్టర్ తన ఇంటిపని కూడా పోర్టర్‌తోనే చేయించుకుంటాడు, అంటరానివాణ్ని ఇంట్లోకి రానివ్వడు. అక్కడ నల్లవాడికి పోర్టర్ పని తప్ప ఇంకేదీ లేదు. ఇక్కడ మనవాడికి ఆ పని కూడా లేదు.

రాండాల్ఫ్ దృష్టి రైలు బోగీ దాటింది. 1941లో యుద్ధ కర్మాగారాలు రాత్రింబగళ్లు నడుస్తున్నా నల్లవాళ్లకు గేటు మూసే ఉంది. లక్ష మందితో జూలై 1న వాషింగ్టన్‌కు నడుస్తామని ఆయన ప్రకటించారు. ఆ ఊరేగింపు నల్లవాళ్లదే అయి ఉండాలని పట్టుబట్టారు. మన పోరాటాన్ని మనం నడపగలమని మనకే నమ్మకం రావాలన్నది ఆయన ఉద్దేశం. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పిలిచి బుజ్జగించినా కదలలేదు. జూన్ 25న 8802 నంబరు ఉత్తర్వు వచ్చింది, యుద్ధ పరిశ్రమల్లో జాతి వివక్ష నిషేధం. ఊరేగింపు వాయిదా పడింది. సైన్యంలో వివక్ష రద్దుకు మరో పోరాటం, మరో అధ్యక్షుడు కావాల్సి వచ్చాయి. 1948 జూలై 26న ట్రూమన్ ఆ ఉత్తర్వుపై సంతకం చేశాడు.

1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో బస్సు సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్‌ను బెయిలు మీద విడిపించిన ఇ. డి. నిక్సన్ ఎవరనుకున్నారు? పుల్‌మన్ పోర్టరే, బ్రదర్‌హుడ్ నాయకుడే. 1963 ఆగస్టు 28న రెండు లక్షలకు పైగా జనం వాషింగ్టన్ చేరినప్పుడు ఆ సభ నిర్వాహక అధ్యక్షుడు 74 ఏళ్ల రాండాల్ఫ్. లూసిల్ చనిపోయి అప్పటికి నాలుగు నెలలే. స్వలింగ సంపర్కుడన్న కారణంతో బేయార్డ్ రస్టిన్‌కు పెత్తనం ఇవ్వొద్దని కొందరు పెద్దలు అడ్డుపడితే, పదవి తాను తీసుకుని పనంతా రస్టిన్ చేతిలోనే పెట్టారు.

ఇంత చేసిన మనిషి ఆడవాళ్ల విషయంలో తడబడ్డారని కూడా మనం చెప్పుకోవాలి. అదే 1963లో స్త్రీ విలేకరులను బాల్కనీకే పరిమితం చేసిన ప్రెస్ క్లబ్‌లో, వద్దని పాలీ మర్రే మొత్తుకున్నా, వెళ్లి మాట్లాడారు. పుల్‌మన్ బోగీల్లో పనిచేసే మెయిడ్ల పేరు మొదట సంఘం పేరులో ఉండేది. 1929లో దాన్ని తీసేశారు. సోదర సంఘంలో అక్కచెల్లెళ్లు మహిళా విభాగంగా మిగిలారు.

1968లో రాండాల్ఫ్ అధ్యక్ష పదవి వదిలారు. ఆ ఏడాది చివరి రోజునే పుల్‌మన్ కంపెనీ పడక బోగీలు నడపడం ఆపేసింది. 1978లో బ్రదర్‌హుడ్ పెద్ద రైల్వే గుమస్తాల యూనియన్‌లో కలిసిపోయింది. 1979 మే 16న న్యూయార్క్‌లో రాండాల్ఫ్ కన్నుమూశారు. వయసు 90. చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ లేదు. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌లో ఆయన విగ్రహం ఉంది.

వాషింగ్టన్‌లోనే రోజీనా టక్కర్ ఉండేవారు. గూఢచారుల భయంతో పోర్టర్లు కలుసుకోలేని రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేసిందీ, భార్యల ద్వారా కబుర్లు చేరవేసిందీ ఆమె. ఆ కోపంతో కంపెనీ ఆమె భర్తను తీసేస్తే, నేరుగా అధికారి గదిలోకి వెళ్లి బల్ల గుద్ది మాట్లాడి ఉద్యోగం తిరిగి ఇప్పించారు. రాండాల్ఫ్ పోయాక ఆమె ఇంకా ఎనిమిదేళ్లు బతికారు. నూరేళ్ల వయసులో పోర్టర్ల మీద తీసిన డాక్యుమెంటరీలో ఆ కథంతా తన గొంతుతో తానే చెప్పారు.