ఉద్యోగం ఇవ్వలేదు.. తూటాకు దారి చూపాడు!

యూనివర్సిటీ చదువు లేదు. కోరుకున్న ఉద్యోగం రాలేదు. అలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? బెంజమిన్ రాబిన్స్ ఏం చేశాడో చూడండి.

1707లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో, డబ్బులేని క్వేకర్ కుటుంబంలో పుట్టాడు. లెక్కలు చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. లండన్ చేరి ట్యూషన్లు చెబుతూ, 20 ఏళ్లకే రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1741లో వూలిచ్ మిలిటరీ అకాడమీలో ప్రొఫెసర్ పోస్టుకు ప్రయత్నించాడు. అది వేరొకరికి దక్కింది. అక్కడితో ఆగిపోలేదు. మరుసటి ఏడాదే తుపాకీ శాస్త్రంపై పుస్తకం తెచ్చాడు.

తూటా వేగాన్ని కొలవడమెలా? బరువైన లోలకాన్ని వేలాడదీసి దానిమీదకు కాల్చాడు. అది ఎంత ఊగిందో చూసి లెక్కగట్టాడు. సెకనుకు 1,600 అడుగుల పైచిలుకు! గాలి నిరోధం తూటా బరువుకు ఎన్నో రెట్లు ఉంటుందనీ తేలింది.

మరి గురిపెట్టిన తూటా పక్కకెందుకు పోతోంది? అప్పట్లో తూటా అంటే గుండ్రటి సీసపు గుండు. గొట్టం గోడకు రాసుకుని ఇష్టమొచ్చినట్టు తిరిగేది. క్రికెట్‌లో స్పిన్ బంతి గాల్లోనే పక్కకు జరగడం చూశారుగా, ఇదీ అంతే. నిరూపించడానికి గొట్టం చివరను ఎడమకు వంచి కాల్చాడు. గుండు మొదట ఎడమకు వెళ్లి, తర్వాత కుడికి తిరిగింది! మహా గణితవేత్త ఆయిలర్ ఈ వివరణను ఒప్పుకోలేదు. కానీ రాబిన్స్ చెప్పిందే నిజం. అయినా ఆ ప్రభావానికి వందేళ్ల తర్వాత వచ్చిన మాగ్నస్ పేరే స్థిరపడింది.

పరిష్కారమూ చెప్పాడు. గొట్టం లోపల మెలికల గాడులుంటే గుండు వెళ్లే దిశే ఇరుసుగా తిరుగుతుంది. గుండులో ఒకవైపు లోపమున్నా అది అన్ని వైపులకూ మారుతుంటుంది కాబట్టి దారి తప్పదు. 1747లో రాయల్ సొసైటీకి ఇదే వివరించాడు. గుడ్డు ఆకారపు తూటాలనూ సూచించాడు.

నేటి కోసు తూటాకూ ఆ తిరుగుడే ప్రాణం. గాలి దాని ముక్కును పట్టి తిప్పేయాలని చూస్తుంది. తిరిగే బొంగరం పడిపోనట్టే తూటా నిలబడుతుంది. తూటా పొడవు పెరిగేకొద్దీ ఇంకా వేగంగా తిరగాలి. రాగి సీసం కంటే తేలిక కదా! అదే బరువుకు రాగి తూటా పొడవుగా ఉంటుంది, అందుకే గాడుల మెలిక మరింత బిగువుగా ఉండాలి.

చివరికి ఉద్యోగమే వెతుక్కుంటూ వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఆయన్ని ఇంజినీర్ జనరల్‌ను చేసి మద్రాసు కోటల పనికి పంపింది. ఏడాది తిరిగేసరికి జ్వరం బలిగొంది. 1751 జులైలో, కడలూరు దగ్గర ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో, 44 ఏళ్లకే కన్నుమూశాడు.

రిజెక్షన్ మెయిల్ వచ్చిందా? ఆ ఇంటర్వ్యూ కోసం చదివింది మాత్రం మీ దగ్గరే ఉంది. దాంతో ఏం చేస్తారో ఆలోచించండి.