పట్టమహిషి తిరుమలదేవి

శ్రీకృష్ణదేవరాయల పట్టమహిషి తిరుమలదేవి శ్రీరంగపట్టణపు రాజపుత్రిక. నంది తిమ్మన అరణపు కవిగా ఆమె వెంట వచ్చెనని ప్రతీతి. 1513వ సంవత్సరమున తిరుమలేశుని క్షీరారగింపునకై ఆమెయు, సపత్ని చిన్నాదేవియు చెరియొక బంగారు గిన్నె సమర్పించిరి. 1515లో రాయలు వడ్లమూడికి పడమటనున్న కొండవీటి దుర్గమును జయించి, అమరావతిలో తులాపురుషదానము చేసినపుడు రాణులిరువురును మహాదానములు గావించిరి.

ఇన్ని గౌరవములును ఆమెకు పుత్రశోకమును తప్పింపలేదు. రాయలు 1524 ప్రాంతమున పసివాడగు కుమారుడు తిరుమలరాయనికి పట్టము గట్టెను. కొలదికాలములోనే ఆ బాలుడు మరణించెను. 1529లో రాయలు గతింపగా సింహాసనము మరిదియగు అచ్యుతరాయలకు దక్కెను.

తిరుమల ఆలయమున రాయల ప్రక్కన ఆమె విగ్రహము నేటికిని చేతులు జోడించి నిలిచియున్నది. ఆమె కోరిన వరమేదో చరిత్ర వ్రాసియుంచలేదు.