నీలిరంగు చెప్పే లెక్క: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రపంచానికంతటికీ మందులిచ్చి, సొంతగడ్డ మీద చాలామందికి పేరైనా తెలియకుండా పోయిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. నీళ్లలో పాషాణాన్ని, అంటే ఆర్సెనిక్‌ను, ఎట్లా కొలుస్తారో తెలుసుకుందామని నేను పుస్తకాలు తిరగేస్తే, దారి తిన్నగా ఆయన దగ్గరికే తీసుకుపోయింది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలితే, దారిలోనే పట్టుకొని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. దొరగారైన సర్జరీ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఈ లోపల అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కన్నుమూశారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

మామగారి సాయంతో 1920ల ఆరంభంలో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. చేతిలో పైసలు లేవు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, పగలు చదువుకున్నారు. తర్వాత సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చోటు దొరికింది. 1925లో ఆ ఇద్దరూ భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని ప్రకటించారు.

ఆ పద్ధతి చెప్పడానికి సులువే. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి, దాన్ని తగిన కారకంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కలరీమీటర్‌లో చూసి లెక్క కట్టవచ్చు. మా జైనూర్ దిక్కు పత్తిచేనుకు వేసే డి.ఎ.పి. బస్తా మీద 18-46 అని ఉంటుంది. ఆ రెండో అంకె భాస్వరానిదే.

ఇక పాషాణం సంగతి. ఆవర్తన పట్టికలో అది భాస్వరానికి సరిగ్గా కింది గదిలో ఉంటుంది. గుణంలో తమ్ముడి లాంటిది. అందుకే ఆర్సెనేట్ కూడా మాలిబ్డేట్‌తో కలిసి అదే నీలిరంగునిస్తుంది. మరి ఈ ఇద్దరినీ విడదీసేదెట్లా? నీళ్లను రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో థయోసల్ఫేట్ వేసి ఆర్సెనేట్‌ను ఆర్సెనైట్‌గా మారుస్తారు. ఆర్సెనైట్‌కు ఆ రంగు రాదు. రెండు నీలాల తేడాయే పాషాణం. కాని తాగునీటికి హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత చిన్న తేడాను రంగుతో పట్టడం కష్టం గనుక, ఇప్పుడు అంతకంటె సున్నితమైన యంత్రాలు వాడుతున్నారు.

నీటిలోని జీవులు కూడా ఈ పోలికకు మోసపోతాయి. నాచు భాస్వరం అనుకొని ఆర్సెనేట్‌ను లోపలికి పీల్చుకుంటుంది. సముద్రపు చేపల్లో అది ఎక్కువగా ఆర్సెనోబీటైన్ రూపంలో ఉంటుంది, దాని విషం బహు తక్కువ. కాబట్టి చేపలో మొత్తం ఎంతుందో చెబితే చాలదు, ఏ రూపంలో ఉందో కూడా చెప్పాలి.

సుబ్బారావుగారు ఆ నీలిరంగుతోనే కండరంలోకి తొంగిచూశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. సంగతి ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పారు. మనం అడుగు వేసినా, నాగలి పట్టినా కండరానికి శక్తినిచ్చేవి అవే. 1940లో లెడర్లీ కంపెనీకి మారి పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం, బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ - ఇవన్నీ ఆయన బృందం నుంచి వచ్చినవే. అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకున్న స్ప్రూకు ఆ ఫోలిక్ ఆమ్లమే మందయింది. హెట్రజాన్ అంటే మన కరీంనగర్ జిల్లాలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రే. ఆ మాత్ర మింగినవారిలో ఆయన పేరు ఎందరికి తెలుసు?

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. బయలుదేరి వెళ్లిన తర్వాత మళ్లీ స్వదేశాన్ని చూడనే లేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలాబిళ్ల విడుదల చేసింది.

మిత్రులారా, పాషాణం కలిసిన నీటికి రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. బిందెలో నీళ్లు తేటగా కనబడితే మా ఇళ్లలో మంచినీళ్లే అనుకుంటాం. పటాన్‌చెరు పారిశ్రామికవాడ నేలల్లో, నక్కవాగు దిక్కు నీళ్లలో పాషాణం చేరిందని తెలిసింది శాస్త్రజ్ఞులు కొలిచినందుకే. కొలవనిదానికి ఎవరూ జవాబు చెప్పరు, ఎవరూ జవాబు అడగలేరు. మన ప్రాక్టికల్స్ రికార్డులో మార్కుల కోసం వేసే నీలిరంగు గ్రాఫు, ఒక ఊరి బావి మంచిదా చెడ్డదా అని తేల్చగలదు. సెలవులకు ఊరికి పోయేటప్పుడు ఒక సీసా వెంట తీసుకుపోదాం. మన బావి నీళ్లు తెచ్చి లాబొరేటరీలో పరీక్షిద్దాం. ఆ మహనీయుడికి మనం ఇవ్వగలిగిన నివాళి అదే.