పేరు పెట్టవచ్చు, వెల కట్టరాదు

ఏదెను తోటలో దేవుడు జంతువులను, పక్షులను ఆదాము వద్దకు తెచ్చి, వాటికి అతడు ఏ పేరు పెడతాడో చూశాడని ఆదికాండము రెండవ అధ్యాయం చెబుతోంది. ఆ పనిని మళ్లీ తలకెత్తుకున్న కార్ల్ లిన్నేయస్‌ను ఆయన కాలంలోనే రెండవ ఆదామని కొందరు అన్నారు, కొంత ఎత్తిపొడుపుగానే. ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకులతో కలిసి తలచుకోవాలనుకుంటున్నాం.

స్వీడన్‌లోని రోషుల్ట్ గ్రామంలో 1707 మే 23న ఆయన పుట్టారు. తండ్రి నీల్స్ లూథరన్ కాపరి, తోటపని అంటే ప్రాణం. వారి ఇంటిపేరు కూడా ఒక పెద్ద లిండెన్ చెట్టు మీదుగా వచ్చిందే. కుమారుడు పరిచర్యలోకి రావాలని తల్లిదండ్రుల ఆశ. కాని ఈ అబ్బాయి దైవసేవకు పనికిరాడని, ఏదైనా చేతిపనిలో పెట్టడం మేలని ఉపాధ్యాయులు తేల్చేశారు. రోత్‌మన్ అనే వైద్యుడు అడ్డుపడి, వైద్యం చదివించమని తండ్రిని ఒప్పించాడు. ఉప్సాలాలో చిల్లిగవ్వ లేక ఇబ్బంది పడుతున్న రోజుల్లో ఆదరించింది మాత్రం ఒక వేదాంత ఆచార్యుడే. బైబిలులోని మొక్కలను పరిశోధిస్తున్న ఊలోఫ్ సెల్సియస్, ఆ విద్యార్థికి తన ఇంట బస, భోజనం ఇచ్చారు.

ఆ రోజుల్లో మొక్క పేరంటే లాటిన్‌లో ఒక పొడవాటి వర్ణన. ఒక్కో పండితుడు ఒక్కో విధంగా రాసేవాడు. గోంగూర, పుంటికూర ఒకటేనని తెలియని కొత్తవాడు మన సంతలో పడే తికమకే ఆనాడు పండితులకూ ఉండేది. లిన్నేయస్ 1753లో తన స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథంలో దాదాపు 6,000 రకాల మొక్కలకు రెండేసి మాటల పేర్లు స్థిరపరిచారు. మొదటి మాట ప్రజాతి, అది ఇంటిపేరు వంటిది. రెండోది ఆ జాతిని గుర్తుపట్టే సొంత పేరు. అలా మన మామిడి మాంజిఫెరా ఇండికా అయింది. 1758లో జంతువులకూ అదే పద్ధతి వర్తింపజేశారు. శాస్త్రజ్ఞులు నేటికీ ఆ బాటలోనే నడుస్తున్నారు.

దూరదేశాలకు పంపిన శిష్యులను ఆయన అపొస్తలులని పిలుచుకునేవారు. వారిలో కొందరు తిరిగి రాలేదు. మొదట వెళ్లిన టార్న్‌స్ట్రోమ్ 1746లో దారిలోనే చనిపోగా, అతని భార్య లిన్నేయస్‌నే నిందించింది. ఆ తరువాత ఆయన పెళ్లికానివారినే పంపారు. మరో శిష్యుడు కొయినిగ్ 1768లో తరంగంబాడి మిషన్‌కు వైద్యునిగా వచ్చి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన పోపులో పడే కరివేపాకు శాస్త్రీయ నామంలో కొయినిగీ అనే మాట ఉంది. శిష్యుని పేరు ఆ ఆకుకు పెట్టింది గురువే.

మనిషిని కోతుల వరుసలో చేర్చారని ఆనాటి వేదాంతులు లిన్నేయస్‌ను తప్పుపట్టారు. మమ్మల్ని అంతకంటె బాధించేది మరొకటి. 1758 నాటి గ్రంథంలో ఆయన మనుషులను ఖండాన్నిబట్టి, రంగునుబట్టి నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక గుణం అంటగట్టారు. యూరోపువారికి చురుకుదనం ఇచ్చి, ఆసియావారికి దురాశ, ఆఫ్రికావారికి సోమరితనం రాశారు. ఆకులను, పువ్వులను అంత ఓర్పుతో పరిశీలించిన కన్ను, మనుషుల దగ్గరికి వచ్చేసరికి చూడకుండానే తీర్పు తీర్చింది. ఆ రాత తరువాతి తరాల జాత్యహంకారానికి ఊతమైంది.

ఆయనను నిందించి చేతులు దులుపుకుందామా? సంఘంలోకి కొత్త కుటుంబం రాగానే ముందు ఇంటిపేరు ఆరా తీసేది మనమే. ఆ జవాబునుబట్టి ఎవరిని పెద్దగా నిలపాలో, ఎవరితో వియ్యమందాలో మనసులో లెక్క కట్టేదీ మనమే. బాప్తిస్మపు నీటిలో కడిగివేశామని చెప్పుకునే వర్గీకరణను పెళ్లిపందిట్లో మళ్లీ తోడుకుంటున్నాం. గుర్తుపట్టడానికి పేరు కావాలి. వెల కట్టడానికి పేరును వాడుకోవడం పాపం.

ముదిమిలో పక్షవాతం లిన్నేయస్ జ్ఞాపకాన్ని హరించింది. వేలాది జీవులకు పేర్లు పెట్టినవానికి తన పేరే గుర్తుకు రాని స్థితి వచ్చిందంటారు. 1778 జనవరి 10న మరణించారు. ఉప్సాలా మహాదేవాలయంలో సమాధి చేశారు.

రెండవ ఆదామన్న బిరుదును ఆయన మోయలేకపోయారు. కడపటి ఆదాము క్రీస్తే. ఆ మంచి కాపరి తన గొర్రెలను వర్గాలుగా కాదు, పేరుపేరునా పిలుస్తాడు. ఎవరి పేరునూ మరచిపోడు. ఈ ఆదివారం మన పక్కన కూర్చున్నవారి పేరు అడుగుదాం. ఇంటిపేరు దగ్గర ఆగిపోకుండా ఉండే కృప ప్రభువు మనకు దయచేయును గాక.